భారము మోసిన రెక్కలు

కత్తి పట్టినవానికి కథ ఉన్నది. కావడి మోసినవానికి కథ లేదు. లోకరీతి అనాదిగా ఇట్లే నడచుచున్నది. మన కావ్యములలో దండయాత్రా వర్ణనములకు కొదువ లేదు. రథగజతురగపదాతులు కదలుట, కాలిధూళి సూర్యబింబమును కప్పుట, భేరీనాదములకు దిక్కులు పిక్కటిల్లుట, ఇవి యన్నియు మనము బడిలో కంఠస్థము చేసినవే. అయితే ఆ చతురంగబలము ఆ పూట ఏమి తిన్నది? ఏనుగులకు మేత ఎవరు తెచ్చినారు? గాయపడినవానిని వెనుకకు మోసికొనిపోయినది ఎవరు? ఈ ప్రశ్నలకు కవులు సామాన్యముగా సమాధానము చెప్పరు. అడుగుట మనకును అలవాటు లేదు.

ఈ వ్యాసమున చెప్పదలచినది అట్టి కావడి మోసినవారి కథ. ఆ కావడికి రెక్కలు వచ్చిన కాలపు కథ. భారత వాయుసేనలోని రవాణా దళముల చరిత్ర అది. అందులోను ముఖ్యముగా పండ్రెండవ స్క్వాడ్రను అను దళపు చరిత్ర. శత్రువిమానములను వెంటాడి కూల్చుట ఈ దళపు పని కాదు. మనుష్యులను, బియ్యమును, మందులను, తుపాకులను ఒకచోటినుండి మరొకచోటికి చేర్చుటయే దీని పని. ఇంతమాత్రపు పనికి చరిత్ర యేమని ఎవరైన అడుగవచ్చును. ఆ పని ఒక్కనాడు వేళకు జరుగకపోయిన ఏమి అయి ఉండెడిదో ఆలోచించినచో దాని విలువ తెలియును.

పాలమూరి బాటలు

విమానముల మాటకు ముందు మన నేలమీది మాట ఒకటి చెప్పవలసి ఉన్నది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఈ మూడును 2016 వ సంవత్సరము అక్టోబరు 11 వ తేదీన వేర్వేరు జిల్లాలైనవి. అంతకు పూర్వము ఇవి పాలమూరను మహబూబునగరము జిల్లాలోనివి. ఇంకను వెనుకకు పోయినచో ఇది నిజాము ఏలుబడిలోని సంస్థానముల సీమ. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ యని ప్రసిద్ధి. తిరుపతి వేంకటకవులు గద్వాల, వనపర్తి ఆస్థానములను దర్శించినవారే. ఈ ఆస్థానములలో వీరరసమునకు లోటు లేకుండెను. కాని కోటగోడలకు వెలుపల, అచ్చంపేట, కొల్లాపురము ప్రాంతముల తండాలలో నివసించుచున్న లంబాడీల పూర్వులు చేసిన పనినిగూర్చి మన పాఠ్యగ్రంథములలో ఎంత చోటు దొరకినది?

మొగలాయీ సైన్యములు దక్కనుపై నడచివచ్చినప్పుడు వాని వెంట ధాన్యము మోసినవారు బంజారాలు. వందలు, వేలుగా ఎద్దులను కూర్చి, వాని వీపులపై గోనెలు వేసి, అందు ధాన్యమును, ఉప్పును నింపి, ఆలుబిడ్డలతో కూడ బాట పట్టెడివారు. ఆ ఎద్దుల బిడారుకు వారి భాషలో లదేణి యని పేరు. 1791, 1792 సంవత్సరములలో కారన్‌వాలీసు టిప్పు సుల్తానుపై దండెత్తినప్పుడు అతని సైన్యమునకు తిండిగింజలు అందించినవారిలోను వీరున్నారు. గింజలు మోయువారితో ఏనాటికైనను పని పడునని ఎఱిగినవారు గనుక ఏలికలు సామాన్యముగా వీరి జోలికి పోలేదు.

పందొమ్మిదవ శతాబ్దమున రోడ్లు పడినవి, రైళ్లు వచ్చినవి. లదేణి నిలిచిపోయినది. బ్రతుకుతెరువు పోయిన సంచారజనములలో పలువర్గములవారిని ఆంగ్లప్రభుత్వము 1871 లో మొదలైన నేరస్థజాతుల చట్టముల క్రిందికి తెచ్చినది. ఆ ముద్ర లంబాడీలపై కూడ పడినది. సైన్యములను పోషించినవారి సంతతికి దక్కిన బిరుదు అది! మోసినవానిని మరచుట ఎంత అన్యాయమునకు దారితీయగలదో తెలిసికొనుటకు మనము దూరదేశముల చరిత్ర చదువనక్కరలేదు. ఈ సంగతి మనసున ఉంచుకొని ఇక ఆకాశమువైపు చూతము.

డకోటా

ఆకాశమార్గమున ఔషధము తెచ్చినవారిలో మనకు ప్రథముడు హనుమంతుడు. లక్ష్మణుడు మూర్ఛిల్లినప్పుడు సంజీవని ఏదియో పోల్చుకొనలేక పర్వతమునే పెకలించి తెచ్చినాడని ఎఱుగని పిల్లవాడు లేడు. ఆ ఘట్టమున మనము హనుమంతుని బలమును మెచ్చుకొందుము. బలముకంటె ముందు మెచ్చుకొనవలసినది ఆయన వేళకు చేరుట. వేళ మించిన తరువాత పర్వతము తెచ్చినను ఒకటే, గులకరాయి తెచ్చినను ఒకటే. కావలసిన వస్తువును, కావలసిన చోటికి, కావలసిన వేళకు చేర్చుట: రవాణా దళపు ధర్మమంతయు ఇంతే.

పండ్రెండవ స్క్వాడ్రను 1945 వ సంవత్సరము డిసెంబరు 1 వ తేదీన, నేడు పాకిస్తానులో ఉన్న కోహాటులో ఏర్పడినది. మొదట దానికి ఇచ్చినవి స్పిట్‌ఫైరు యుద్ధవిమానములు. మరుసటి సంవత్సరమే వానిని తీసి డకోటాలను ఇచ్చినారు. భారత వాయుసేనలో మొదటి రవాణా దళము ఇట్లు ఏర్పడినది. యుద్ధవిమానము నడపు యువకునకు సామానులు మోయు విమానము నడపుమనిన మొదట కొంత చిన్నతనముగా తోచుట సహజము. ఆ చిన్నతనము ఏడాది గడవకముందే తీరిపోయినది.

డకోటా అమెరికాలోని డగ్లసు కంపెనీవారి విమానము. దాని మూలరూపము 1935 డిసెంబరు 17 న మొదటిసారి ఎగిరినది. రెండు ఇంజనులు, ఒక రెక్క కొననుండి మరొక రెక్క కొనకు 95 అడుగులు, తోకక్రింద చిన్నచక్రము. నేలమీద నిలిచినప్పుడు ముక్కు పైకెత్తి ఆకాశమును చూచుచున్నట్లుండును. ఇరువదియెనిమిదిమంది సైనికులనో, రెండున్నర టన్నులకు పైబడిన సామానునో మోయగలదు. చదును చేసిన మట్టినేల దొరకిన చాలును, దిగును. రెండవ ప్రపంచయుద్ధము ముగిసినపిదప మిగిలిన డకోటాలు పౌరవిమాన కంపెనీలకు కూడ వచ్చినవి. 1945 లో నిజాము రైల్వే, టాటాల పొత్తుతో బేగంపేటలో ఏర్పడిన దక్కను ఎయిర్‌వేసు నడపినవి ఈ డకోటాలే. ఆ కంపెనీ 1953 లో ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయినది. కనుక హైదరాబాదువారికి ఈ విమానము కొత్త కాదు.

1947 ఆగస్టులో దేశము చీలినది, సేనలు చీలినవి, విమానములను పంచినారు. పండ్రెండవ స్క్వాడ్రను మన వంతునకు వచ్చి ఆగ్రా చేరినది.

ఒక ఉదయము

1947 అక్టోబరు 22 న సాయుధులైన గిరిజన మూకలు సరిహద్దు దాటి కాశ్మీరమున ప్రవేశించి ముజఫరాబాదును పట్టుకొన్నవి. అక్కడినుండి శ్రీనగరమునకు చక్కని రోడ్డు ఉన్నది. భారతదేశమునుండి శ్రీనగరమునకు పోవుటకో, పఠాన్‌కోటనుండి జమ్మూమీదుగా, బానిహాలు కనుమ దాటి పోవలెను. ఆ బాట సైన్యములు త్వరగా నడచునది కాదు. 26 వ తేదీన మహారాజు హరిసింగు విలీనపత్రముపై సంతకము చేసినాడు. మూకలు బారాముల్లా చేరినవి. అక్కడినుండి శ్రీనగరము కొద్దిగంటల ప్రయాణము. నేలమీద నడచి రక్షింపబోవుట అసాధ్యము. మిగిలినది ఆకాశము.

27 వ తేదీ తెల్లవారకముందే ఢిల్లీలో డకోటాలు లేచినవి. పండ్రెండవ స్క్వాడ్రను అధిపతి వింగ్ కమాండరు కె. ఎల్. భాటియా ముందు నడచినాడు. విమానములలో సిక్కు రెజిమెంటు మొదటి బెటాలియను. వారి నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ దివాన్ రంజిత్ రాయి. శ్రీనగరపు విమానమైదానము అప్పటికి మనవారి చేతిలో ఉన్నదో, శత్రువు చేతిలో పడినదో ఢిల్లీలో ఎవరికిని తెలియదు. పైన చుట్టు తిరిగి చూచి, మైదానము పోయినట్లు తోచినచో జమ్మూలో దిగవలెనని ఆజ్ఞ. అక్కడ దారి చెప్పు యంత్రములు లేవు. రాత్రి దిగుటకు దీపములు లేవు. చిన్న విమానములకై చదును చేసిన మట్టిబాట మాత్రము ఉన్నది. చుట్టు తిరిగి చూచినారు; దిగినారు. సైనికులు దిగిన వెంటనే విమానములు మరల లేచినవి. వాయుసేన డకోటాలతోపాటు పౌరకంపెనీల డకోటాలును రాకపోకలు సాగించినవి. పోవునప్పుడు సైనికులు, మందుగుండు. వచ్చునప్పుడు గాయపడినవారు, ఇల్లు వాకిలి విడిచినవారు.

కర్నల్ రాయి ఆనాడే బారాముల్లా దగ్గర వీరస్వర్గమును పొందినాడు. నవంబరు 3 న బడ్గాములో ప్రాణములర్పించి దేశమున మొదటి పరమవీరచక్రకు పాత్రుడైన మేజరు సోమనాథ శర్మయు విమానములోనే అక్కడికి చేరినవాడు. అప్పటికే విరిగిన ఎడమచేతికి కట్టు ఉన్నది. ఈ ఇరువురి పేర్లును చరిత్రపుస్తకములలో నిలిచినవి, నిలువవలసినవే. అయితే బడ్గాము యుద్ధము జరుగుటకు బడ్గామునకు మనుష్యుడు చేరవలెను గదా! విమానమైదానమును కాపాడుటకే శర్మ ప్రాణమిచ్చినాడు. ఆ మైదానము పోయిన, డకోటా దిగదు. డకోటా దిగకపోయిన, శ్రీనగరము నిలువదు. కత్తికిని కావడికిని ఉన్న సంబంధము ఇక్కడ స్పష్టముగా కానవచ్చును.

గాలి పలుచనైన చోట

ఈ యుద్ధమున రవాణా విమానముల శక్తిని అంచులవరకు పరీక్షించినవాడు ఎయిర్ కమడోరు మెహర్ సింగు. పూంఛి పట్టణమును శత్రువులు చుట్టుముట్టినారు. అక్కడి సైనికులు, శరణార్థులు కలిసి మట్టిని చదునుచేసి విమానబాటను సిద్ధపరచినారు. 1947 డిసెంబరులో మెహర్ సింగు అక్కడ డకోటాను దింపినాడు. తరువాత ఫిరంగులను సైతము విమానములలో చేర్చినారు. శత్రువుల గుండ్లు బాటపై పడుచుండగా, రాత్రివేళ నూనెదీపముల వెలుతురున దిగిన దినములు ఉన్నవి. పూంఛి ఏడాదిపాటు ముట్టడిలో నిలిచినది. 1948 నవంబరులో మన సైన్యములు నేలమార్గమున చేరువఱకు ఆ పట్టణపు ప్రాణనాడి డకోటాయే. వేలాది శరణార్థులు దానిలోనే బయటపడినారు.

లేహు కథ ఇంకను ఆశ్చర్యకరము. ఆ పట్టణము పదకొండువేల అడుగులకు పైని ఉన్నది. సోనమ్ నోర్బు అను లడాఖీ ఇంజనీరు స్థానికులను కూర్చుకొని కొద్దివారములలో విమానబాటను సిద్ధము చేసినాడు. 1948 మే 24 న మెహర్ సింగు, మేజర్ జనరల్ తిమ్మయ్యను వెంటబెట్టుకొని అక్కడ డకోటాను దింపినాడు. ఆ ఎత్తులకై కట్టిన విమానము కాదది. దారిలోని కొండలు విమానము సుఖముగా ఎగురగల ఎత్తునకు మించినవి.

విద్యార్థులు ఇక్కడ ఒక శాస్త్రవిషయమును గమనింపవలెను. విమానమును గాలి మోయును. ఎత్తునకు పోయినకొలది గాలి పలుచబడును. పలుచని గాలిలో రెక్కకు పట్టు తగ్గును. ఇంజనునకు ఊపిరి తగ్గును. కనుక లేచుటకును దిగుటకును పొడుగైన బాట కావలెను. మోయు బరువును తగ్గింపవలెను. ఎండ ముదిరినకొలది గాలి ఇంకను పలుచబడును, కొండగాలులు రేగును. అందువలననే లేహు విమానములు నేటికిని చాలవఱకు ఉదయముననే పోయి వచ్చును. ప్రకృతితో బలపరీక్షకు దిగుట రవాణా చోదకుని లక్షణము కాదు; దాని వేళను, దాని మర్యాదను తెలిసి, దాని అనుమతితో పోయివచ్చుట అతని లక్షణము. 1962 జులైలో స్క్వాడ్రన్ లీడరు సి. కె. ఎస్. రాజె పాకెట్ విమానమును దౌలత్‌బేగ్ ఓల్డీలో దింపినాడు. పదునారువేల అడుగులకు పైబడిన ఆ చోట 2013 ఆగస్టు 20 న సి-130జె అను పెద్దవిమానము దిగినది. ఈ రెండింటికిని దారి చూపినది నాటి డకోటా.

వాహనమునకు ధర్మము లేదు

లేహులో డకోటా దిగిన 1948 లోనే మన హైదరాబాదు ఆకాశమున మరొక రవాణా సాగినది. సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు లాంకాస్ట్రియన్ విమానములలో కరాచీనుండి నిజాము రాజ్యమునకు రాత్రులందు ఆయుధములు చేరవేసినాడు. బీదరు, వరంగల్లు మైదానములలో ఆ విమానములు దిగినవి. ఆ తరువాత లండనులోని న్యాయస్థానము అతనికి జరిమానా విధించినది. రజాకారుల పేరు చెప్పిన గ్రామములు ఉలికిపడుచున్న రోజులవి. ఆ ఆయుధములు ఎవరిపై ఎక్కుపెట్టుటకో వేరుగా చెప్పనక్కరలేదు.

సాహసమున కాటన్ ఎవరికిని తీసిపోడు. చీకటిలో, అనుమతి లేని ఆకాశమున, వెలుగు చాలని మైదానములందు అతడును దిగినాడు. మరి మెహర్ సింగునకును ఇతనికిని భేదమేమి? వాహనమునకు స్వధర్మము లేదు. మోసిన వస్తువును బట్టియు, అది చేరిన చేతిని బట్టియు మోతకు పుణ్యపాపములు కలుగును. ఒకడు తన దేశపు ఆజ్ఞను తలదాల్చి, ముట్టడిలోని జనమునకు ఊపిరి మోసినాడు. మరియొకడు కిరాయి తీసికొని చిచ్చునకు కట్టెలు మోసినాడు. సైనిక రవాణా దళమునకు ఆజ్ఞ, నియమము, లెక్క, జవాబుదారి యెందుకని అడుగువారికి ఈ కథయే సమాధానము.

బియ్యపు వాన

యుద్ధము ముగిసినంతనే యోధునకు విశ్రాంతి దొరకును, మోయువానికి దొరకదు. నేటి అరుణాచల ప్రదేశమును ఆ రోజులలో నేఫా యనెడివారు. అక్కడి కొండలలో రోడ్డు లేని కావలిస్థావరములు అనేకము. వానికి బియ్యము, పప్పు, ఉప్పు, కిరసనాయిలు అందవలెను. అస్సాములోని జోర్‌హాటునుండి డకోటాలు ఈ పనికై సంవత్సరముల తరబడి ఎగిరినవి.

ఆకాశమునుండి బియ్యము వేయుట కూడ ఒక విద్య. పెళుసు వస్తువులకు పారాచూటు కట్టుదురు. బియ్యమువంటివానిని పారాచూటు లేకుండ కూడ వేయుదురు. బస్తాను నిండుగ కుక్కరు. వదులుగా నింపి, దానిని మరొక పెద్ద బస్తాలో పెట్టి కుట్టుదురు. నేల తాకినప్పుడు లోపలిది పగిలినను వెలుపలిది గింజలను పట్టుకొనును. బస్తాలను తలుపువఱకు నెట్టి, చోదకుడు గంట మ్రోగించిన క్షణమున త్రోసివేయుటకు సైన్యమునకు చెందిన మనుష్యులు ఉందురు. ఇరుకు లోయలో విమానము తిరుగుటకు చోటు తక్కువ. క్షణము ముందైన బస్తా కొండకవతల పడును. క్షణము ఆలస్యమైన వాగులో పడును. ఒక్కొక్క చుట్టునకు కొన్ని బస్తాలు మాత్రమే పడును. కనుక మరల మరల చుట్టు తిరుగవలెను. ఈ పనికి చప్పట్లు కొట్టువారు లేరు. క్రింద నున్నవారు బస్తాలను ఏరుకొనుటలో మునిగి ఉందురు.

కాలక్రమమున డకోటాల స్థానమున పెద్దవిమానములు వచ్చినవి. పండ్రెండవ స్క్వాడ్రనుకు 1950 ల నడుమ అమెరికావారి పాకెట్లు వచ్చినవి. 1961 లో చండీగఢులో ఏర్పడిన నలుబదినాలుగవ స్క్వాడ్రనుకు రష్యావారి ఏఎన్-12 విమానములు వచ్చినవి. చైనాతో యుద్ధము నడచుచున్న 1962 అక్టోబరులో ఆ విమానములు టాంకులనే లడాఖులోని చుశూలునకు మోసినవి. 1971 డిసెంబరు 11 న తూర్పు బెంగాలులోని టాంగైలు దగ్గర ఒక పారాచూటు బెటాలియను ఆకాశమునుండి దిగినది. నాడు డకోటాలు, పాకెట్లు, కారిబూలు, ఏఎన్-12 లు కలిసి పనిచేసినవి. ఐదు దినములలో ఢాకా లొంగిపోయినది. 1988 నవంబరు 3 న మాల్దీవుల ప్రభుత్వమును కూలద్రోయుటకు కిరాయిమూకలు దిగినప్పుడు, ఆగ్రానుండి లేచిన ఇల్యూషిన్-76 విమానములు ఎక్కడను ఆగక, రెండువేల కిలోమీటర్లకు పైగా సముద్రముదాక పోయి ఆ రాత్రియే మన సైనికులను దింపినవి. పండ్రెండవ స్క్వాడ్రను ఆగ్రాలోనే నేడు ఏఎన్-32 విమానములతో పనిచేయుచున్నది.

మన యింటి ముంగిట

ఇవి యన్నియు హిమాలయములలోని కథలని, సముద్రములకవతలి కథలని మనవారు అనుకొనవచ్చును. 2009 వ సంవత్సరము అక్టోబరు మొదటి దినములను గద్వాల, ఆలంపురము ప్రాంతములవారు మరచియుండరు. కృష్ణయు తుంగభద్రయు ఒక్కసారిగా పొంగినవి. శ్రీశైలము జలాశయమునకు దాదాపు ఇరువదియైదు లక్షల క్యూసెక్కుల నీరు వచ్చిపడినది. అక్టోబరు 2 న కర్నూలు నగరము నీట మునిగినది. ఇవతలి ఒడ్డున ఆలంపురము చుట్టునున్న పల్లెలును మునిగినవి. మగ్గములకు పేరుపడిన రాజోలిలో తుంగభద్ర ఇండ్లను, మగ్గపుగుంటలను ముంచివైచినది. రోడ్లు తెగినవి; పడవకు ప్రవాహము చోటియ్యలేదు. మేడలపై, గుట్టలపై ఎక్కి కూర్చున్న జనమునకు అన్నపు పొట్లములు, మంచినీళ్లు ఆకాశమునుండి వచ్చినవి. వాయుసేన హెలికాప్టర్లు వానిని వేసినవి, చిక్కుకొన్నవారిని తీసికొనిపోయినవి. నేఫా కొండలలో బియ్యము వేసిన విద్యయే తుంగభద్ర ఒడ్డున పనికివచ్చినది.

ఆ హెలికాప్టర్లను నడపువారికి విద్య నేర్పు బడి మన హకీంపేటలోనే ఉన్నది. దుండిగల్లులోని వాయుసేన అకాడమీకి 1967 అక్టోబరు 11 న రాష్ట్రపతి జాకీర్ హుస్సేను శంకుస్థాపన చేసినాడు. దేశపు నలుమూలల రెక్కలకు మొదటి పాఠము తెలంగాణపు ఆకాశమున జరుగుచున్నది.

2021 ఏప్రిలులో కోవిడు వ్యాధి రెండవసారి విజృంభించినప్పుడు ఆసుపత్రులలో ప్రాణవాయువు కరవైనది. ఒడిశాలోని ఉక్కు కర్మాగారములలో ఆక్సిజను ఉన్నది. హైదరాబాదు చాల దూరము. ఏప్రిలు 23 న బేగంపేటలో వాయుసేనవారి సి-17 విమానములు ఖాళీ ట్యాంకర్లను ఎక్కించుకొని భువనేశ్వరమునకు ఎగిరినవి. నిండు ట్యాంకరును విమానములో తెచ్చుట ప్రమాదము; కనుక పోవునప్పుడు ఆకాశమున, వచ్చునప్పుడు నేలమీద ఏర్పాటు చేసినారు. పోవు ప్రయాణమున మిగిలిన దినములే రోగులకు దక్కిన ఆయుర్దాయము. ఖాళీ పాత్రను మోయుట కూడ ప్రాణమును మోయుటయే కాగలదని ఆ దినమున తెలిసినది.

మూల్యము

ఈ సేవకు చెల్లించిన మూల్యమును చెప్పక వ్యాసమును ముగించుట న్యాయము కాదు. మెహర్ సింగు 1952 మార్చిలో ఢిల్లీ సమీపమున విమానప్రమాదమున మరణించినాడు. 1968 ఫిబ్రవరి 7 న చండీగఢునుండి లేహు బయలుదేరిన ఏఎన్-12 విమానము, వాతావరణము బాగులేక వెనుదిరిగి, రోహతాంగు కనుమ ప్రాంతమున కనబడకుండ పోయినది. అందులో 102 మంది. 2003 వఱకు దాని జాడయే లేదు. ఆ తరువాత మంచు ఒక్కొక్కరినే అప్పగించుచు వచ్చినది. 2024 లో, ఏబదియారేండ్ల పిదప, మరి నలుగురి దేహములు దొరకినవి.

2016 జులై 22 న తాంబరమునుండి పోర్టుబ్లేరుకు బయలుదేరిన ఏఎన్-32 విమానము బంగాళాఖాతముపై మాయమైనది. అందులోని 29 మందిలో ఎనిమిదిమంది విశాఖపట్టణములోని నౌకాదళ ఆయుధాగారపు ఉద్యోగులు. వారు యోధులు కారు. పనిమీద పోవుచున్న గృహస్థులు. ఏడున్నరేండ్ల తరువాత, 2024 జనవరిలో, చెన్నై తీరమునకు దాదాపు 310 కిలోమీటర్ల దూరమున, 3,400 మీటర్ల లోతున ఆ విమానపు శకలములు కనబడినవి. ఆ ఏడున్నరేండ్లును విశాఖలో ఎనిమిది ఇండ్ల గడపలు ఏమి ఎదురుచూచినవో ఊహింపవచ్చును. ఆ యాత్ర యుద్ధయాత్ర కాదు. నిత్యము జరుగు రాకపోకలలో ఒకటి. రవాణావాని మరణము తరచుగా ఇట్లే, ఏ యుద్ధపు పేరును లేని ఒకనాడు సంభవించును. అందువలననే మనకు జ్ఞాపకముండదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. శ్రీనగర రక్షణను పాఠముగా చెప్పునప్పుడు శర్మ పేరుతోపాటు భాటియా పేరును, మెహర్ సింగు పేరును, మట్టిబాట వేసిన సోనమ్ నోర్బు పేరును చెప్పుడు. దక్కను చరిత్ర చెప్పునప్పుడు ఔరంగజేబు సైన్యమెంత యని అడిగిన నోటితోనే, ఆ సైన్యమునకు గింజలు మోసినది ఎవరని అడుగుడు. అచ్చంపేట బడిలోనో, కొల్లాపురము బడిలోనో ఆ ప్రశ్న అడిగినప్పుడు, తండానుండి వచ్చిన పిల్లవాడు తల యెత్తి సమాధానము చెప్పగలుగవలెను. అది వాని తాతముత్తాతల చరిత్ర. సిగ్గుపడవలసినది కాదు, చెప్పుకొనవలసినది.

ఆ పాఠమునకు పెద్ద పుస్తకములు అక్కరలేదు. మధ్యాహ్నము బడిలో వడ్డించిన అన్నమును చూపి, ఈ బియ్యము పొలమునుండి నీ పళ్లెములోనికి ఎవరెవరి చేతులమీదుగా వచ్చినదో వ్రాయుమని పిల్లలకు చెప్పి చూడుడు. కోత కోసినవారు, బండి తోలినవారు, మిల్లులో బస్తా ఎత్తినవారు, లారీ నడపినవారు, వంటయింటి వఱకు మోసినవారు ఒక్కొక్కరే ఆ కాగితము మీదికి వత్తురు. వారిలో ఏ ఒక్కరు రాకపోయినను ఆనాటికి అన్నము లేదని పిల్లలే కనుగొందురు. అది తెలిసినవానికి పండ్రెండవ స్క్వాడ్రను చరిత్రను వేరుగా వివరింపనక్కరలేదు.